‘ఫరక్’ తెలిస్తే చాలు: లెక్కలంటే గిట్టనివారికి కాలిక్యులస్‌లో మొదటి పాఠం

పదో తరగతి ఫలితాలు వచ్చాక చాలా ఇళ్లలో ఒకే చర్చ జరుగుతుంది. పిల్లకు మార్కులు బాగానే వచ్చాయి, ఎంపీసీ తీసుకోవాలని ఉంది. అంతలో ఎవరో ఒకరు “అందులో కాలిక్యులస్ ఉంటుందట, మనింట్లో ఎవరికీ లెక్కలు రావు” అంటారు. చర్చ అక్కడితో ఆగిపోతుంది. కాలిక్యులస్ అంటే ఏమిటో ఆ మాట అన్నవారికీ తెలియదు, విన్నవారికీ తెలియదు. భయం మాత్రం అందరికీ తెలుసు.

నిజానికి కాలిక్యులస్‌లోని మొదటి పాఠం ఒకే ఒక్క ప్రశ్న. “ఇది ఎంత ఉంది?” అని కాదు, “ఇది ఇప్పుడు ఎంత జోరుగా మారుతోంది?” అన్నదే ఆ ప్రశ్న. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్నే అవకలనం అంటారు, ఇంగ్లిష్ మీడియం పిల్లలు డిఫరెన్షియేషన్ అంటారు. పేరు ఏదైనా విషయం ఒకటే. కూడికలు, తీసివేతలు, భాగహారం వచ్చినవారెవరికైనా ఇది అర్థమవుతుంది.

గోడ మీద టైమ్‌టేబుల్‌లో ఉన్న లెక్క

రంజాన్ వచ్చిందంటే ప్రతి ఇంట్లో సహరీ, ఇఫ్తార్ టైమ్‌టేబుల్ గోడ మీదో ఫ్రిజ్ మీదో ఉంటుంది. చాంద్రమాన సంవత్సరం చిన్నది కాబట్టి ఇంగ్లిష్ క్యాలెండర్‌లో రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2016లో మన దేశంలో మొదటి ఉపవాసం జూన్ 7న వచ్చింది. 2024లో మార్చి 12న వచ్చింది.

ఈ రెండు రంజాన్‌లకూ ఒక పెద్ద తేడా ఉంది. హైదరాబాద్‌లో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు పగటి పొడవును చూస్తే, 2016 రంజాన్ నెలంతా అది దాదాపు మారనేలేదు. ఆ నెలలో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ మధ్య తేడా మూడు నిమిషాల లోపే. 2024 రంజాన్‌లో మాత్రం నెల మొదటికీ చివరికీ పగలు అరగంటకు దగ్గరగా పెరిగింది. అంటే రోజుకు సుమారు ఒక నిమిషం.

ఎందుకిలా? జూన్ 21 దగ్గర పగలు ఏడాదిలోకెల్లా పొడవుగా ఉంటుంది. హైదరాబాద్‌లో 13 గంటలకు కాస్త పైన. పొడవు ఎక్కువే, కానీ మార్పు దాదాపు సున్నా. మార్చి 20 దగ్గర పగలూ రాత్రీ దాదాపు సమానం. అప్పుడు పొడవు మధ్యస్తం, కానీ మార్పు ఏడాదిలోకెల్లా జోరు.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి. పగలు ఎంత పొడవు అన్నది ఒకటి. ఆ పొడవు రోజుకు ఎంత మారుతోంది అన్నది రెండోది. మొదటిది పెద్దగా ఉన్నప్పుడు రెండోది సున్నా కావచ్చు. ఈ రెండో సంగతిని కొలవడమే అవకలనం.

పేరు వెనుక కథ

కాలిక్యులస్ అన్నది లాటిన్ మాట. అర్థం చిన్న గులకరాయి. పాతకాలంలో రాళ్లు పెట్టి లెక్కించేవారు కాబట్టి లెక్కకు ఆ పేరు వచ్చింది. కిడ్నీలో రాయి ఉన్నవారి స్కాన్ రిపోర్టులో కూడా డాక్టర్లు ‘కాలిక్యులస్’ అనే రాస్తారు. అదే మాట, అదే రాయి.

ఉర్దూలో కాలిక్యులస్‌ను ‘ఇహ్సా’ అంటారు, అంటే లెక్కించడం. అవకలనానికి ఉర్దూ పుస్తకాల్లో వాడే మాట ‘తఫర్రుఖ్’. దీని ధాతువు, మనం రోజూ వాడే ‘ఫరక్’ ధాతువు ఒకటే. “ఏం ఫరక్ పడదు”, “రెండింటికీ ఫరక్ ఉంది” అని దక్కనీ ఉర్దూలోనే కాదు, తెలంగాణ తెలుగులో కూడా అంటాం. ఇంగ్లిష్‌లో డిఫరెన్షియేషన్ కూడా డిఫరెన్స్ నుంచే వచ్చింది. అంటే ఈ పాఠం మొత్తం ఫరక్ చూడడం గురించే. నిన్నటికీ ఇవాళ్టికీ ఫరక్ ఎంత, ఆ ఫరక్ ఎంత సమయంలో వచ్చింది, ఇంతే.

సగటు వేగం వేరు, ఈ క్షణపు వేగం వేరు

హైదరాబాద్ నుంచి కర్నూలు సుమారు 210 కిలోమీటర్లు. బస్సు నాలుగు గంటల్లో చేరిందనుకుందాం. 210ని 4తో భాగిస్తే గంటకు 52.5 కిలోమీటర్లు. ఇది సగటు వేగం.

కానీ ఆ బస్సు దారి పొడవునా 52.5 వేగంతో వెళ్లిందా? లేదు. టోల్ గేట్ దగ్గర ఆగింది, అప్పుడు వేగం సున్నా. ఖాళీ హైవే మీద 80 దాటింది. ఊళ్లోకి వచ్చాక 20కి తగ్గింది. సగటు వేగం ప్రయాణం మొత్తం గురించి చెబుతుంది కానీ, మధ్యలో ఏ ఒక్క క్షణం గురించీ చెప్పదు.

ఒక స్కూలు ముందు నుంచి బండి వెళ్లిందనుకుందాం. రోడ్డు దాటుతున్న పిల్లవాడికి ఆ బండి సగటు వేగంతో పని లేదు. సరిగ్గా ఆ క్షణంలో అది ఎంత వేగంతో వచ్చిందన్నదే ముఖ్యం. చలానా రాసే పోలీసుకు కూడా అంతే. “సార్, ఇంటి నుంచి ఇక్కడికి సగటున 30లోనే వచ్చాను” అంటే ఎవరూ ఒప్పుకోరు.

మరి ‘ఈ క్షణం’లో వేగం ఎలా కొలుస్తారు? వేగం అంటే దూరాన్ని సమయంతో భాగించడం. ఒక్క క్షణంలో గడిచిన సమయం సున్నా, కదిలిన దూరం కూడా సున్నా. సున్నాను సున్నాతో భాగిస్తే ఏమొస్తుంది? ఏమీ తేలదు. గణితంలో శతాబ్దాల పాటు చిక్కుముడిగా ఉన్నది ఇదే.

లేజర్ స్పీడ్ గన్ చేసే పని చూస్తే దారి దొరుకుతుంది. అది బండి మీదికి వెలుగు పల్స్‌లు పంపుతుంది. అవి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి బండి ఎంత దూరంలో ఉందో లెక్కిస్తుంది. సెకనులో చిన్న భాగం గడిచాక మళ్లీ కొలుస్తుంది. రెండు దూరాల మధ్య ఫరక్‌ను మధ్యలో గడిచిన ఆ చిన్న సమయంతో భాగిస్తుంది. అంటే అది కూడా సగటు వేగాన్నే కొలుస్తోంది, కానీ చాలా చిన్న సమయానికి సగటు. అంత చిన్న సమయంలో బండి వేగం పెద్దగా మారే అవకాశం లేదు కాబట్టి, ఆ సగటు దాదాపు ఆ క్షణపు వేగమే.

కింద పడే రాయి

ఇదే పనిని అంకెలతో చేసి చూద్దాం. ఎత్తు నుంచి ఒక రాయిని వదిలేస్తే అది పడిన దూరం (మీటర్లలో) సుమారుగా ఇలా ఉంటుంది: 5 × సెకన్లు × సెకన్లు. గాలి అడ్డుకోవడాన్ని పక్కన పెట్టి, 4.9ని 5గా తీసుకున్నాం. ఒక సెకనుకు 5 మీటర్లు, రెండు సెకన్లకు 20 మీటర్లు పడుతుంది.

ప్రశ్న ఏమిటంటే, సరిగ్గా ఒక సెకను పూర్తయిన క్షణంలో రాయి వేగం ఎంత?

ముందు 1వ సెకను నుంచి 2వ సెకను వరకు చూద్దాం. దూరంలో ఫరక్ 20 – 5 = 15 మీటర్లు. పట్టిన సమయం 1 సెకను. సగటు వేగం సెకనుకు 15 మీటర్లు. కానీ ఈ ఒక్క సెకనులో రాయి వేగం చాలా పెరిగిపోయింది, కాబట్టి ఇది సరైన జవాబు కాదు. సమయాన్ని తగ్గిస్తూ పోదాం.

1 నుంచి 1.5 సెకన్ల వరకు: ఫరక్ 6.25 మీటర్లు, సమయం 0.5. వేగం 12.5.
1 నుంచి 1.1 వరకు: ఫరక్ 1.05, సమయం 0.1. వేగం 10.5.
1 నుంచి 1.01 వరకు: ఫరక్ 0.1005, సమయం 0.01. వేగం 10.05.
1 నుంచి 1.001 వరకు: వేగం 10.005.

వరుస చూడండి: 15, 12.5, 10.5, 10.05, 10.005. ఇవి ఎటు పోతున్నాయో చిన్నపిల్లలు కూడా చెబుతారు. 10 వైపు. సమయాన్ని ఎంత చిన్నగా తీసుకుంటే జవాబు 10కి అంత దగ్గరవుతుంది. అందుకే సరిగ్గా ఒక సెకను దగ్గర రాయి వేగం సెకనుకు 10 మీటర్లు అంటారు.

ఇలా దగ్గరవుతూ పోయే గమ్యాన్ని గణితంలో అవధి అంటారు, అదే లిమిట్. కాలిక్యులస్‌కు పునాది ఇదే. సున్నాతో భాగించలేదు. సున్నాకు దగ్గరవుతున్న అంకెలతో భాగిస్తూ, జవాబులు ఎక్కడికి చేరుతున్నాయో చూశాం.

“చివర్లో దాన్ని వదిలేస్తారెందుకు?”

ఇంటర్ పిల్లలకు ఎక్కువగా వచ్చే సందేహం ఇది. లెక్క మధ్యలో ఒక చిన్న సంఖ్యతో భాగిస్తారు, అంటే అది సున్నా కాదు. చివర్లో దాన్నే సున్నా అంటారు. ఇదేం న్యాయం? ఈ సందేహం వచ్చిన పిల్లలు మొద్దులు కారు. 1734లో బిషప్ బర్క్‌లీ అనే ఐరిష్ తత్వవేత్త ఇదే ప్రశ్నతో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. దానికి గట్టి జవాబు 19వ శతాబ్దంలో కోషీ, వయర్‌స్ట్రాస్ వంటి గణితవేత్తలు ఇచ్చారు. ఆ జవాబును ఒక తివాచీతో అర్థం చేసుకోవచ్చు.

ఒక చదరపు తివాచీ ఉంది. ఒక్కో వైపు 3 మీటర్లు. వైశాల్యం 9 చదరపు మీటర్లు. దాన్ని రెండు వైపులా కొద్దిగా, 0.1 మీటరు చొప్పున పెంచి 3.1 మీటర్ల చదరం చేయాలి. కొత్త వైశాల్యం 9.61. పెరిగింది 0.61.

ఆ 0.61 ఎక్కడి నుంచి వచ్చింది? కుడి వైపు కుట్టిన సన్నని పట్టీ 3 × 0.1 = 0.3. కింది వైపు కుట్టిన పట్టీ మరో 0.3. మూలలో రెండు పట్టీల మధ్య మిగిలిన చిన్న చదరపు ముక్క 0.1 × 0.1 = 0.01. మొత్తం 0.61.

ఇప్పుడు పెంపును పది రెట్లు తగ్గించి 0.01 మీటరు చేయండి. పట్టీలు ఒక్కొక్కటి 0.03 అవుతాయి, అంటే పది రెట్లు తగ్గాయి. మూల ముక్క మాత్రం 0.0001 అవుతుంది, అంటే వంద రెట్లు తగ్గింది. పెంపు చిన్నదయ్యే కొద్దీ మూల ముక్క పట్టీల కంటే చాలా త్వరగా మాయమవుతుంది.

పెరిగిన వైశాల్యాన్ని పెంపుతో భాగిస్తే మొదటిసారి 6.1, రెండోసారి 6.01. అది 6 వైపు పోతోంది. ఆ 6 ఎక్కడిది? రెండు పట్టీలు, ఒక్కోటి 3 పొడవు. అంటే 2 × 3. వైపు 5 మీటర్లయితే 2 × 5 = 10. క్లాసులో పిల్లలు బట్టీ పట్టే ‘ఎక్స్ స్క్వేర్ అవకలనం టూ ఎక్స్’ అన్న సూత్రం ఇదే. టూ అంటే రెండు పట్టీలు, ఎక్స్ అంటే పట్టీ పొడవు. వదిలేసింది మూల ముక్క ఒక్కదాన్నే. పెంపు సున్నా వైపు పోయే కొద్దీ లెక్కలో దాని వంతు కూడా సున్నా వైపే పోతుంది కాబట్టి వదిలేశారు.

రాయి లెక్క కూడా ఇదే. 5 × సెకన్లు × సెకన్లు అన్నదానికి అవకలనం 5 × 2 × సెకన్లు, అంటే 10 × సెకన్లు. ఒక సెకను దగ్గర 10. రెండు సెకన్ల దగ్గర 20.

గ్రాఫ్ మీద అది వాలు

ఇదే సంగతిని బొమ్మగా కూడా చూడొచ్చు. గ్రాఫ్ మీద గీత నిటారుగా పైకి ఎక్కుతోందంటే మార్పు జోరుగా ఉంది. అడ్డంగా సమంగా ఉందంటే మార్పు లేదు. కిందికి దిగుతోందంటే తగ్గుతోంది. ఏ బిందువు దగ్గరైనా గీత ఎంత వాలుగా ఉందో చెప్పే అంకే అవకలజం. ఎక్కుతుంటే అది ధనం, దిగుతుంటే రుణం, శిఖరం మీద సున్నా.

ఈ చివరి మాట చాలా ముఖ్యం. కొండ ఎక్కుతున్న మనిషి శిఖరం మీద ఇక పైకీ వెళ్లడు, ఇంకా కిందికీ దిగలేదు. అక్కడ నేల సమంగా ఉంటుంది. జూన్ 21న పగటి పొడవు అత్యధికం, మార్పు సున్నా అని పైన చెప్పుకున్నది ఇందుకే. ఒకదాని అత్యధికం ఎక్కడుందో కనుక్కోవాలంటే మార్పు సున్నా అయ్యే చోటు వెతకాలి. కాలిక్యులస్ వల్ల కలిగిన పెద్ద ఉపయోగాల్లో ఇది ఒకటి.

రేకు పెట్టె లెక్క

30 సెంటీమీటర్ల చదరపు రేకు ఒకటి ఉంది. నాలుగు మూలల్లో సమానమైన చిన్న చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి, మూత లేని పెట్టె చేయాలి. అందులో ఎక్కువ సరుకు పట్టాలంటే మూలల్లో ఎంత కత్తిరించాలి?

తక్కువ కత్తిరిస్తే పెట్టె వెడల్పుగా ఉంటుంది కానీ లోతు ఉండదు. ఎక్కువ కత్తిరిస్తే లోతుంటుంది కానీ అడుగు ఇరుకవుతుంది. మధ్యలో ఎక్కడో సరైన కొలత ఉండాలి. లెక్కేసి చూస్తే (ఘనపు సెంటీమీటర్లలో):

1 సెం.మీ. కత్తిరిస్తే 784
2 సెం.మీ. అయితే 1352
3 సెం.మీ. అయితే 1728
4 సెం.మీ. అయితే 1936
5 సెం.మీ. అయితే 2000
6 సెం.మీ. అయితే 1944
7 సెం.మీ. అయితే 1792
8 సెం.మీ. అయితే 1568

5 దగ్గర శిఖరం కనిపిస్తోంది. సరిగ్గా 2 లీటర్లు. ఇప్పుడు శిఖరం దగ్గర మార్పు ఎలా ఉందో చూడండి. 5కు బదులు 4.9 కత్తిరించినా, 5.1 కత్తిరించినా పెట్టెలో పట్టేది 1999.4. ఒక మిల్లీమీటరు తప్పు జరిగితే పోయేది 0.6 మాత్రమే. అదే 2 దగ్గర ఒక మిల్లీమీటరు పెంచి 2.1 చేస్తే 1352 నుంచి సుమారు 1398కి వెళ్తుంది, అంటే 46 తేడా. శిఖరం దగ్గర నేల సమంగా ఉంటుందన్న మాటకు ఈ అంకెలే సాక్ష్యం. అవకలనం వచ్చినవారికి ఈ పట్టికంతా అక్కర్లేదు, రెండు మూడు పంక్తుల్లో 5 అని తేలిపోతుంది.

ఎనిమిది వందల ఏళ్ల నాటి జవాబు

పెట్టె అడుగు కొలత చూడండి. 30లోంచి రెండు వైపులా 5 చొప్పున పోతే 20. అంటే రేకు వైపులో సరిగ్గా మూడింట రెండు వంతులు. ఇది యాదృచ్ఛికం కాదు. ఎంత పెద్ద చదరపు రేకు తీసుకున్నా జవాబు ఇదే.

ఈ మూడింట రెండు వంతుల జవాబును 12వ శతాబ్దంలోనే రాసిన గణితవేత్త షరఫుద్దీన్ అల్-తూసీ. ఇరాన్‌లోని తూస్ ప్రాంతానికి చెందినవాడు. డమాస్కస్, అలెప్పో, మోసుల్‌లలో పాఠాలు చెప్పాడు. 1213 ప్రాంతంలో చనిపోయాడు. ఖగోళ శాస్త్రంలో పేరున్న నసీరుద్దీన్ అల్-తూసీ ఈయన కాదు, ఆయన తర్వాతి తరం వాడు.

షరఫుద్దీన్ చూసిన లెక్క పెట్టె గురించి కాదు, ఘన సమీకరణాల గురించి. ఒక సంఖ్యను దానితోనే గుణించి, వచ్చినదాన్ని ఒక నిర్ణీత కొలతలోంచి ఆ సంఖ్య పోగా మిగిలినదానితో మళ్లీ గుణిస్తే, ఇచ్చిన మొత్తం వస్తుందా రాదా? ఆ సంఖ్య కొలతలో మూడింట రెండు వంతులైనప్పుడే ఫలితం అత్యధికం అని ఆయన చూపాడు. అడిగిన మొత్తం ఆ అత్యధికం కంటే ఎక్కువైతే జవాబు లేదు. సరిగ్గా సమానమైతే ఒక జవాబు. తక్కువైతే రెండు జవాబులు. మన పెట్టెలో కూడా అంతే. 1728 కావాలంటే 3 సెంటీమీటర్లు కత్తిరించినా వస్తుంది, 7.3 దగ్గర కత్తిరించినా వస్తుంది. 2000 ఒకేచోట వస్తుంది. 2100 ఎక్కడా రాదు.

మూడింట రెండు వంతులు అన్న అంకెను ఎలా కనుక్కున్నాడో ఆయన తన గ్రంథంలో చెప్పలేదు, అది సరైనదని మాత్రం నిరూపించాడు. అందుకే చరిత్రకారుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. అవకలనం లాంటి ఆలోచన ఆయనకు అప్పటికే ఉందని కొందరంటారు. పాత రేఖాగణిత పద్ధతులతోనే సాధించి ఉంటాడని మరికొందరంటారు.

మరి కాలిక్యులస్ ఎవరిది?

వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లలో “కాలిక్యులస్ మనవాళ్లే కనిపెట్టారు” అన్న మాట చాలాసార్లు వస్తుంది. ఒక్కో మెసేజ్‌లో ‘మనవాళ్లు’ ఒక్కొక్కరు. అసలు సంగతి అంత తేలిక కాదు, అంతకంటే ఆసక్తికరం.

బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్-హైసమ్ 11వ శతాబ్దం తొలినాళ్లలో పరవలయాన్ని తిప్పితే వచ్చే ఆకారం ఘనపరిమాణాన్ని కనుక్కున్నాడు. అందుకోసం వరుస సంఖ్యల నాలుగో ఘాతాలను కూడే పద్ధతి సాధించాడు. మన దేశంలో భాస్కరాచార్యుడు 1150లో రాసిన సిద్ధాంత శిరోమణిలో గ్రహాల తాత్కాలిక గతి, అంటే ఆ క్షణపు వేగం, గురించి చర్చించాడు. 14వ శతాబ్దంలో కేరళకు చెందిన మాధవుడు అనంత శ్రేణులను కనుక్కున్నాడు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఫెర్మా అత్యధిక, అత్యల్ప విలువలు కనుక్కునే పద్ధతి చెప్పాడు.

ఇవన్నీ విడివిడి తాళాలకు విడివిడి తాళంచెవులు. అన్నిటికీ పనికొచ్చే ఒకే పద్ధతిని, అవకలనం, సమాకలనం ఒకదానికొకటి తిరగేసిన పనులన్న సంగతిని ఒక శాస్త్రంగా నిలబెట్టింది ఇంగ్లండ్‌లో న్యూటన్, జర్మనీలో లైబ్నిజ్. న్యూటన్ 1665–66 నాటికే దీనిపై పనిచేశాడు, లైబ్నిజ్ 1684లో ముందుగా అచ్చువేశాడు. ఈనాటికీ పిల్లలు రాసే ‘డీవై బై డీఎక్స్’ గుర్తు లైబ్నిజ్ ఇచ్చిందే.

ఈ చదువు ఉర్దూలో రావడానికి హైదరాబాద్‌కు సొంత చరిత్ర ఉంది. 1917లో దారుల్ తర్జుమా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలయ్యాయి. గణితం, సైన్స్ సహా ఉన్నత విద్యను ఉర్దూలో చెప్పడానికి పుస్తకాలను అనువదించి, కొత్త పదాలు తయారుచేశారు. “కాలిక్యులస్ మన భాషలో చెప్పలేం” అన్న మాట నిజం కాదని ఈ నగరం వందేళ్ల క్రితమే చూపింది.

రోజూ జరిగే పొరపాటు

లెక్కలతో పని లేదనుకునేవారికి కూడా ఈ పాఠం తెలియకపోతే నష్టం ఉంది. రెండు ఉదాహరణలు చాలు.

ఒకటి, ధరలు. “ద్రవ్యోల్బణం 6 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది” అని వార్త వస్తే “మరి బజారులో ఏదీ తగ్గలేదే, అబద్ధం చెబుతున్నారు” అనుకుంటారు. ద్రవ్యోల్బణం అంటే ధర కాదు, ధర మారే వేగం. 100 రూపాయల సామాను మొదటి ఏడాది 6 శాతం పెరిగి 106 అయింది. రెండో ఏడాది 4 శాతం పెరిగి 110 రూపాయల 24 పైసలు అయింది. ద్రవ్యోల్బణం తగ్గింది నిజమే, ధర పెరిగింది కూడా నిజమే. బండి బ్రేకు వేసి 60 నుంచి 40కి తగ్గితే అది వెనక్కి పోవడం లేదు కదా, ముందుకే పోతోంది, కాస్త నెమ్మదిగా. ధరలు నిజంగా తగ్గాలంటే ద్రవ్యోల్బణం సున్నా కంటే కిందికి పోవాలి.

రెండు, పసిపిల్లల బరువు. ఇద్దరు పిల్లలకు తొమ్మిదో నెల నిండింది. ఇద్దరూ 8 కిలోలే. మొదటి బిడ్డ ఏడో నెలలో 7.4, ఎనిమిదో నెలలో 7.7, ఇప్పుడు 8.0. రెండో బిడ్డ ఏడో నెలలో 8.2, ఎనిమిదో నెలలోనూ 8.2, ఇప్పుడు 8.0. బరువు ఒకటే కాబట్టి ఇద్దరూ బాగున్నట్టేనా? కాదు. మొదటి బిడ్డ గీత పైకి పోతోంది. రెండో బిడ్డ గీత ముందు సమమై, తర్వాత కిందికి వంగింది. ఆ బిడ్డను డాక్టర్‌కు చూపించాలి. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూచి కార్డు మీద చుక్కలు పెట్టి గీత గీసేది ఇందుకే. ఒక్క చుక్క చూస్తే బరువు ఎంతో తెలుస్తుంది. గీత వాలు చూస్తే బిడ్డ ఎటు పోతోందో తెలుస్తుంది. “బొద్దుగానే ఉన్నాడులే” అని రెండు నెలలు తూయించడం మానేస్తే తెలియకుండా పోయేది ఆ రెండోదే.

పిల్లల చదువు సంగతి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్ ఎంపీసీలో అవధులు, అవకలనం తప్పకుండా ఉంటాయి. ఎంఈసీ తీసుకునేవారికీ గణితం ఉంటుంది. బైపీసీలో గణితం పేపర్ లేకపోయినా, ఫిజిక్స్‌లో వేగం, త్వరణం పాఠాలు చదివేటప్పుడు ఇదే ఆలోచన ఎదురవుతుంది. నీట్‌కు సిద్ధమయ్యేవారు దీన్ని తప్పించుకోలేరు. అందుకని కాలిక్యులస్ భయంతో గ్రూపు మార్చుకోవడం వల్ల ఆ భయం పోదు.

పిల్లలు ఇక్కడ దెబ్బతినేది చాలాసార్లు కొత్త ఆలోచన వల్ల కాదు. పాత లెక్కలు కచ్చితంగా రాకపోవడం వల్ల. భిన్నాలు, ఘాతాలు, బీజగణితంలో బ్రాకెట్లు విప్పడం, గ్రాఫ్ చదవడం. ఈ నాలుగూ వేసవి సెలవుల్లో సరిచేసుకుంటే అవకలనం దానంతట అదే తేలికవుతుంది. సూత్రాల పట్టికను ముందే బట్టీ పట్టించడం కంటే, రాయి లెక్కలాంటిది ఒక్కటి కాలిక్యులేటర్ పెట్టుకుని చేతితో చేయించడం మేలు. 10.5, 10.05, 10.005 అని పిల్లలు తమ చేత్తో రాసుకున్నాక లిమిట్ అన్న మాటకు మళ్లీ భయపడరు.

అమ్మీకి గానీ, అబ్బాకు గానీ లెక్కలు రాకపోయినా ఇంట్లో ఒక పని చేయొచ్చు. టైమ్‌టేబుల్‌లోనో క్యాలెండర్‌లోనో సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు ఉంటాయి. మార్చిలో పది రోజుల ఎడంతో రెండు తేదీలు, జూన్‌లో పది రోజుల ఎడంతో రెండు తేదీలు తీసుకోమనండి. ప్రతి తేదీకి పగటి పొడవు కట్టించండి. ఫరక్ తీసి పదితో భాగించమనండి. హైదరాబాద్ వేళలైతే మార్చిలో రోజుకు ఒక నిమిషం దగ్గర వస్తుంది, జూన్ 21 దగ్గర దాదాపు ఏమీ రాదు. ఎందుకలా వచ్చిందో పిల్లలనే అడగండి. “అక్కడ శిఖరం ఉంది, అందుకే మార్పు లేదు” అని జవాబిస్తే ఇంటర్‌లో చేరకముందే వాళ్లకు మొదటి పాఠం వచ్చేసినట్టే.